జపాన్ సినిమా ‘మిమి ఓ సుమసెబా’కి తెలుగు పేరు: చెవి ఒగ్గితేనా, చెవి తేర్చితేనా?

గళ్ళనుడి: 1995లో కొందో యొషిఫుమి తీసిన సినిమా, బొమ్మలన్నీ చేత్తో గీసినవి. ‘చెవి యొగ్గితే’ అంటే ఏదో వెలితిగా ఉంది. పోతన సీసంలో ‘వీనులు వీనులు’కి ముందున్న క్రియ సరిపోతుందేమో. నాలుక మీదే ఆడుతోంది, అందడం లేదు.

యతిప్రియ: ‘విష్ణు నాకర్ణించు వీనులు వీనులు’. భాగవతం సప్తమ స్కంధం, ప్రహ్లాదుడి మాట. విష్ణున్ + ఆకర్ణించు. ఆ ‘నా’లో నకారం ద్రుతానిది, అంటే ‘విష్ణున్’ చివరి న్. పాదం మొదటి అక్షరం ‘వి’కి నడుమ జోడుగా వచ్చే ‘వీ’ యతి, అందుకే అక్కడ చెవులు పట్టవు. ఎంత చదివినా తనివి తీరని సీసం!

తేటనీరు: పద్యం సరే. ఆకర్ణించడమంటే వినడం. సినిమా పేరులోది వినడానికి ముందు చేసే పని. మిమి అంటే చెవి. సుము అంటే బురదనీళ్లు తేరడం, సుమసు అంటే తేర్చడం. వాళ్ల తేట చారు పేరు సుమషి. చివరి ‘బా’ మన ‘తే’. కాబట్టి ‘చెవి తేర్చితే’.

గళ్ళనుడి: తేరు రథం కదండీ?

తేటనీరు: రథానిది సాధురేఫ, అంటే మామూలు ర. ఇది బండి ఱ, తేఱు. తేఱిచూడటంలో ఉన్నదిదే. కంటికి వాడుకున్నాం, చెవికి వాడుకోలేదు. పైగా నాయిక పేరు షిజుకు, అంటే నీటిబొట్టు.

పలకబలపం: ఎవరూ అనని మాట పేరుగా నిలవదండీ. ‘ఆలకిస్తే’ చాలు.

తేటనీరు: ఆలకించడానికి ఎదుట ఎవరో మొర పెట్టుకోవాలి. ఇక్కడ ఏం వినాలో పేరులోనే లేదు. ‘తే’ దగ్గర వాక్యం ఆగిపోతుంది, ఆ ఖాళీలోనే అందమంతా ఉంది.

పలకబలపం: షిజుకు చేసేదీ అనువాదమే కదా. 1971 నాటి ఇంగ్లీషు పాట ‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’ని జపనీస్‌లోకి తెస్తుంది. ఉన్నదున్నట్టు దించితే అరిగిపోయిన మాటలే వచ్చాయని నొచ్చుకుంటుంది. అడవి కొట్టి ఊరు కట్టిన తన తామా కొండల మీద ‘కాంక్రీట్ రోడ్’ అని కట్టాక పాట సొంతమైంది. ఆమె బడిలోనే చదివే సేజీ వయొలిన్ ఎత్తుకుని ఆమె చేత పాడించే ఘట్టం చూడండి. మొదట గొంతు పెగలదు, అతని తాతగారి బృందం వచ్చి కలిసేసరికి విచ్చుకుంటుంది. ముక్కకి ముక్క పేర్చే పద్ధతిని ఆ పిల్లే వదిలేసింది.

యతిప్రియ: అయితే ‘వీనులు విచ్చితే’ అనండి. వీ, వి. యతి కూడా కుదిరింది.

గళ్ళనుడి: బాగుంది కానీ నీళ్లు పోయాయండీ. నాకు ‘తేర్చితే’నే కావాలి. పేరు రాసేటప్పుడు ‘ఱ’ పెట్టాలా, ‘ర’ సరిపోతుందా?