ప్లాసీలో సిరాజ్‌ను ముంచింది వానా, మీర్ జాఫరా?

చరిత్ర పిచ్చి:
1757 జూన్ 23, బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా ఈస్టిండియా కంపెనీ సేనాని క్లైవ్ చేతిలో ఓడిన ప్లాసీ యుద్ధం అనగానే అందరికీ నవాబు సేనాని మీర్ జాఫర్ ద్రోహమే గుర్తొస్తుంది. నన్నడిగితే ఆ మధ్యాహ్నం పడ్డ వానకి దక్కాల్సిన పేరు దక్కలేదు. నవాబు సైన్యం దాదాపు 50 వేలు, క్లైవ్ దగ్గర 3 వేలు. పొద్దున అరగంట ఫిరంగులు పేలేసరికే క్లైవ్ మనుషులు వెనక్కి తగ్గి భాగీరథి ఒడ్డు మామిడితోపులో దూరారు. మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. ఇంగ్లిషువాళ్లు మందుగుండు మీద టార్పాలిన్లు కప్పేశారు. నవాబు వైపు మందు తడిసి ముద్దయింది. అక్కడితో ఆట అయిపోయింది.

బెజవాడ కుర్రాడు:
వాన ఇద్దరి మీదా పడింది కదన్నా. పట్టా కప్పుకోకపోతే తప్పు వానదా? సైన్యంలో పెద్ద భాగం మీర్ జాఫర్, రాయ్ దుర్లభ్, యార్ లతీఫ్ ఖాన్‌ల చేతిలో ఉంది. ముగ్గురూ రోజంతా నిలబడి తమాషా చూశారు. వాళ్లు కదిలితే తోపుని చుట్టేసేవాళ్లు. వెనక చూస్తే ఏరు, క్లైవ్ పారిపోవడానికి కూడా దారి లేదు. కత్తులకీ ఈటెలకీ వానతో పనేంటి?

చరిత్ర పిచ్చి:
చుట్టెయ్యడం అంత ఈజీ కాదు తమ్ముడూ. తోపు చుట్టూ మట్టికట్ట, కందకం ఉన్నాయి. నవాబు పెద్ద ఫిరంగులు ఎత్తైన చెక్క వేదికల మీద ఉండేవి. ముందు ఎద్దులు లాగాలి, వెనక నుంచి ఏనుగు నెట్టాలి. తోపు మీదికి కాల్చిన గుళ్లు చాలావరకు కొమ్మలు విరగ్గొట్టాయంతే.

రిటైర్డ్ మాస్టారు:
ఇద్దరూ మీర్ మదన్‌ని వదిలేశారు బాబూ. వాన వెలిశాక, మన మందు తడిసింది కాబట్టి వాళ్లదీ తడిసే ఉంటుందనుకుని గుర్రపు దళంతో తోపు మీదికి వచ్చాడు. ఎదురుగా పొడిమందుతో ఫిరంగులు పేలాయి. ప్రాణం పోయింది. నవాబుకి నమ్మకంగా నిలిచిన కొద్దిమంది సేనానుల్లో అతనొకడు. ఆ తర్వాతే సిరాజ్ బెంబేలెత్తి, మీర్ జాఫర్‌ని పిలిపించి తలపాగా తీసి ముందు పెట్టి కాపాడమన్నాడు. ఇవాళ్టికి చాలు, సైన్యాన్ని వెనక్కి పిలవండి అన్నాడాయన. అవతల నమ్మకస్తుడైన ఇంకో సేనాని మోహన్‌లాల్ ఇంకా పోరాడుతూనే ఉన్నాడు. ద్రోహం ముందే ఉంది, నిజమే. దానికి సందు దొరికింది మాత్రం వాన వల్లే.

బెజవాడ కుర్రాడు:
మాస్టారూ, ముందుండి పోరాడేవాడికి ఎండలోనైనా గుండు తగలొచ్చు. ఇంకోటి, క్లైవ్ వైపు చనిపోయింది 20 చిల్లర మంది. 50 వేల మంది నిజంగా పోరాడితే లెక్క అలా ఉంటుందా?

చరిత్ర పిచ్చి:
కట్ట చాటున కూర్చుంటే ఉంటుంది. క్లైవ్ ప్లాన్ ఏంటో తెలుసా? చీకటి పడేదాకా తోపులోనే ఉండి రాత్రి దాడి చేద్దామని. వానకి తడిసిన క్లైవ్, నవాబుకి చెందిన వేటబంగ్లాలో బట్టలు మార్చుకుంటుంటే, అతని కింది మేజర్ కిల్‌పాట్రిక్ అడక్కుండా ముందుకెళ్లి తిట్లు తిన్నాడు. 21న తన అధికారుల యుద్ధ కౌన్సిల్‌లో కూడా క్లైవ్ ఇప్పుడే దాడి వద్దని ఓటేసి, కాసేపటికే మనసు మార్చుకున్నాడు. మీర్ జాఫర్ మాట మీద అంత గ్యారంటీ ఉంటే ఇన్ని తర్జనభర్జనలు ఎందుకు పడతాడు?