అప్‌డేట్: ట్యాంకులో తుప్పు, పది నిమిషాలకే ఆగిపోయే బైక్ – సమస్య తీరింది

ఎనిమిది నెలలు సగం ట్యాంకుతో పక్కన పెట్టేసిన బైక్ పది నిమిషాలు నడిచి ఆగిపోతోందని అడిగాను కదా. ఇప్పుడు బాగానే నడుస్తోంది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది సిట్రిక్ యాసిడ్. ట్యాంకు ఊడదీసి, పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద పెట్రోల్ వదిలే కుళాయి) విప్పి, ఆ రంధ్రానికి బిరడా బిగించాను. డిటర్జెంట్‌తో కడిగాక, వేడినీళ్లలో కలిపిన సిట్రిక్ యాసిడ్ అంచుదాకా పోసి ఒక రోజు వదిలేశాను. మర్నాడు వంపితే చిక్కటి టీ డికాక్షన్‌లా వచ్చింది! తర్వాత వంటసోడా నీళ్లతో కడిగాను. మొదటిసారి ఆరబెట్టడంలో బద్ధకించాను, గంటలోనే మళ్లీ నారింజ రంగు పొర పట్టేసింది. పనంతా మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి హెయిర్ డ్రయ్యర్‌తో వెంటనే ఆరబెట్టి (పెట్రోల్ వాసన పూర్తిగా పోయాకే సుమా), కాస్త ఇంజిన్ ఆయిల్ కలిపిన పెట్రోల్ పోసి అన్ని వైపులా తిప్పాను.

అసలు కారణం మాత్రం మెకానిక్ కనిపెట్టాడు. ట్యాంకు మూత చుట్టూ చేరే వాననీళ్లు పోయే సన్నటి రంధ్రం మట్టితో పూడుకుపోయింది, మూత రబ్బరు గట్టిపడి పగిలింది. నీళ్లు అక్కణ్ణుంచే దిగాయి. రంధ్రాన్ని సన్నటి తీగతో పొడిచి, రబ్బరు మార్చాడు. తుప్పు రజను చేరిన కార్బ్యురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపేది) కడిగి, పెట్రోల్ ఫిల్టర్ కొత్తది వేశాడు.

నేను అనుమానించిన స్పార్క్ ప్లగ్‌కీ దీనికీ సంబంధమే లేదు, అనవసరంగా మార్చాను. తుప్పుకి ట్యాంకుకి రంధ్రాలు పడలేదు కాబట్టి లోపల కోటింగ్ వేయించలేదు. ఇప్పుడు బైక్ పక్కన పెట్టాల్సి వస్తే లోపల ఖాళీలో తేమ చేరకుండా ట్యాంకు నింపే పెడుతున్నాను.