ఫిక్సీకి ముందు బ్రేకు పెట్టించాలా? పాండురంగపురం డౌన్‌లో భయమేస్తోంది

సిరిపురం_సింగిల్:
చదువైపోయి ఊరెళ్ళిపోతున్న కుర్రాడి దగ్గర ఫిక్సీ కొన్నాను. వెనక ఫ్రీవీల్ లేదు, అంటే చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళూ తిరుగుతూనే ఉంటాయి. బ్రేకులు అసలే లేవు. చైను తిరిగే ముందు పళ్ళచక్రానికి 48 పళ్ళు, వెనకదానికి 16. పొద్దున్నే బళ్ళు ఆపేసే టైములో బీచ్ రోడ్డు మీద హాయిగా ఉంది. తిరిగొచ్చే దారంతా మెరకే కాబట్టి బాధ లేదు. వెళ్ళేటప్పుడు పాండురంగపురం డౌన్‌లోనే పై ప్రాణాలు పైనే పోతున్నాయి. ముందు బ్రేకు పెట్టించనా? ఫోర్కుకి బ్రేకు బోల్టు రంధ్రం లేదు. రంధ్రం కొట్టించొచ్చా, ఫోర్కే మార్చాలా?

ఉప్పుగాలి:
చైను ఎలా తుడుస్తున్నారో ముందు అది చెప్పండి. నాకు కుడి చూపుడువేలికి గోరు సగమే ఉంది. సైకిల్ తలకిందులుగా పెట్టి, పెడల్ తిప్పుతూ గుడ్డతో చైను తుడుస్తున్నా. మామూలు సైకిలైతే పెడల్ వదిలేస్తే చైను ఆగిపోతుంది. దీనికి చక్రం తిరిగినంతసేపూ చైనూ తిరుగుతూనే ఉంటుంది. గుడ్డ పంటికి తగులుకుంది, గుడ్డతోపాటు వేలూ వెళ్ళింది. మన ఊరి ఉప్పుగాలికి చైను తుడవక తప్పదు. చక్రం ఆపి, జానెడు జానెడు జరుపుకుంటూ తుడవండి.
బ్రేకంటారా, పెట్టించేయండి.

కాళ్ళే_బ్రేకులు:
పెట్టించకండి. వైరు వేలాడుతుంటే ఇంక అది ఫిక్సీ ఏంటండీ? నాలుగేళ్ళుగా సీతమ్మధార నుంచి ఆర్కే బీచ్‌కి తొక్కుతున్నా. ఒంటిని ముందుకు వంచి, వెనక చక్రం మీద బరువు తగ్గించి, కాళ్ళు బిగబట్టాలి. చక్రం జర్రున జారి ఆగుతుంది. నేర్చుకోడానికి రెండు వారాలు చాలు. వెలోడ్రోమ్‌లో, అదే సైకిల్ పందేల ట్రాక్ మీద, ఏ సైకిల్‌కీ బ్రేకులుండవు, తెలుసా?

గేర్_లెక్కల_మాష్టారు:
48/16 అంటే ఒక్కరూ పట్టించుకోలేదేటి? కొట్టేస్తే 3/1. కింద మిగిలింది 1. అంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం సరిగ్గా మూడు చుట్లు. స్కిడ్ కొట్టేటప్పుడు పెడల్‌ని ఎప్పుడూ ఒకే చోట బిగబడతాం కాబట్టి, ప్రతిసారీ టైరు అదే చోట రోడ్డుకి రాసుకుంటుంది. మిగతా టైరు కొత్తగానే ఉంటుంది, ఆ ఒక్కచోట నార బయటపడుతుంది. వెనక 17 పళ్ళది వేయించండి. 48/17 కొట్టుడుపోదు, అరుగుదల 17 చోట్లకి పంచుకుంటుంది.

కాళ్ళే_బ్రేకులు:
ఒకటి కాదు మాష్టారూ, రెండు. పైన మిగిలింది 3, బేసి సంఖ్య. ఎడమకాలు ముందు పెట్టి ఒకసారి, కుడికాలు ముందు పెట్టి ఒకసారి కొడితే చోట్లు రెట్టింపవుతాయి.

గేర్_లెక్కల_మాష్టారు:
అలా రెండు కాళ్ళతోనూ కొట్టేవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది?

కాళ్ళే_బ్రేకులు:
నేను కొడతా.

గేర్_లెక్కల_మాష్టారు:
వీడియో పెట్టండి. నోటితో అందరం కొడతాం.

నిమ్మకాయల_బాధితుడు:
టైరు సంగతి తర్వాత. చైను పడిపోతే దేంతో ఆపుతారు? అదే డౌన్‌లో నాకు సాయంత్రం ఆరింటికి చైను పడింది. లూజుగా ఉందని తెలుసు, ఆదివారం బిగిద్దాంలే అనుకున్నా. కాళ్ళు గాల్లో ఊరికే తిరుగుతున్నాయి, బండి మాత్రం పరిగెడుతోంది. ఎదురుగా ఆటో. పక్కకి తిప్పేసరికి మురీ మిక్చర్ బండి. బండాయన ముందు నిమ్మకాయలు ఏరుకుని, తర్వాత నన్ను లేపాడు. ఆయన తప్పేం లేదు, నిమ్మకాయలే దొర్లిపోతున్నాయి.

పెదవాల్తేరు_పాతకాపు:
మా రోజుల్లో బ్రేకులెవరికి ఉండేవి బాబూ? చెప్పుకాలు ముందు టైరు మీద పెట్టి నొక్కేవాళ్ళం. నెలకో జత హవాయి చెప్పులు. జగదాంబ జంక్షన్ దాకా డబుల్స్ తొక్కినవాళ్ళం, మాకేం కాలేదు.

ఉప్పుగాలి:
బాబాయ్ గారూ, మీది ఫ్రీవీల్ సైకిలు. దీని మీద ఒక కాలు తీస్తే ఆ పెడలే తిరిగొచ్చి పిక్క మీద కొడుతుంది.

ఉస్మానియా_ట్రాక్:
వెలోడ్రోమ్ పేరెత్తారు కాబట్టి వచ్చాను. హైదరాబాద్ ఉస్మానియా వర్సిటీ ట్రాక్ మీద తొక్కినవాణ్ణి. అక్కడ అందరూ ఒకే వైపు తొక్కుతారు. ఆటో ఉండదు, ఆవు ఉండదు. ముందువాడు హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనకవాళ్ళు మీద పడతారు, అందుకే అక్కడ బ్రేకు వద్దన్నారు. ఆ రూలు తెచ్చి సిరిపురంలో పెడతానంటే ఎలా?
ఇక ఆగే దూరం. బండిని ఆపబోతే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రానికి పట్టు పోతుంది. చదునైన పొడి రోడ్డు మీద గంటకి 30 కిలోమీటర్ల వేగంలో ముందు బ్రేకుతో సుమారు 7 మీటర్లలో ఆగొచ్చు. వెనక చక్రమొక్కటే అయితే 14. ఇది డౌన్ కాదు, ఇసక లేదు, తుంపర లేదు అనుకుంటేనే. బ్రిటన్‌లో రోడ్డెక్కాలంటే ఫిక్సీకైనా ముందు బ్రేకు ఉండాల్సిందే. వెనక ఫిక్స్‌డ్ చక్రాన్ని రెండో బ్రేకు కింద లెక్కేస్తారు.

కాళ్ళే_బ్రేకులు:
మనం బ్రిటన్‌లో ఉన్నామా?

ఉస్మానియా_ట్రాక్:
భౌతికశాస్త్రం ఇక్కడా ఉంది.

కైలాసగిరి_క్లైంబర్:
ఫిక్సీ మీద కైలాసగిరి ఎక్కినవాళ్ళున్నారా? నేను ఎక్కాను. దిగేటప్పుడు నరకం. 48/16కి పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి ఆరు మీటర్ల పైన వెళ్తుంది. గంటకి 50 దాటిందంటే కాళ్ళు నిమిషానికి 130 చుట్లు తిరగాలి. తొక్కడం కాదది, పెడళ్ళే మనల్ని తొక్కుతాయి. సింహాచలం ఘాట్ మీద ఎవరైనా ప్రయత్నించారా?

పెదవాల్తేరు_పాతకాపు:
సింహాచలం కొండ మెట్లెక్కి వెళ్ళాలి బాబూ. సైకిలేంటి?

సిరిపురం_సింగిల్:
అందరికీ థాంక్స్. ఫోర్కు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కంచరపాలెం_వెల్డర్:
రంధ్రం కొట్టించకండి. బరువు మొత్తం ఆ మెడ దగ్గరే పడుతుంది, నాలాంటివాడి డ్రిల్లు పెట్టాల్సిన చోటు కాదది. రంధ్రమున్న ఫోర్కు నా దగ్గరొకటి ఉంది, స్టీలు. కొంచెం తుప్పు, గీకితే పోతుంది. మీ ఫోర్కు మెడ మందం ఒక అంగుళమా, అంగుళంపావు కంటే కొంచెం తక్కువా? పైన మరలున్నాయా?

కాళ్ళే_బ్రేకులు:
మాష్టారూ, వీడియో పెట్టా. ఎడమ, కుడి, రెండూ కొట్టా. చూసుకోండి.

గేర్_లెక్కల_మాష్టారు:
చూశాను. బాగా కొట్టారు, ఒప్పుకుంటున్నా, రెండే. మరి 14వ సెకను దగ్గర హ్యాండిల్‌కి కుడివైపు ఆ లివరేటి?

కాళ్ళే_బ్రేకులు:
అది వానాకాలానికి పెట్టించింది. తీయడం కుదర్లేదు.

నిమ్మకాయల_బాధితుడు:
ఏ సంవత్సరం వానాకాలం గురూ?

సిరిపురం_సింగిల్:
వెల్డర్ గారూ, ఇప్పుడే టేపు పెట్టి చూశా. ఒక అంగుళం, మరలున్నాయి. ఆ ఫోర్కు ఎంతకిస్తారు?