తుఫాను అంటే గాలా, నీళ్ళా?

మా చెల్లెలి కొడుకు కాలిఫోర్నియాలో, లాస్ ఏంజెలెస్‌కి కాస్త దక్షిణంగా ఇర్వైన్‌లో ఉంటాడు. 2024 ఫిబ్రవరి మొదటి వారంలో వాళ్ళ అమ్మమ్మకి, అంటే మా అమ్మకి, ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అమ్మమ్మా, ఇక్కడ తుఫాను. రేపు ఆఫీసుకు రావద్దన్నారు. ఫైర్ స్టేషన్లో ఇసుక బస్తాలు ఇస్తున్నారు. నువ్వేం టెన్షన్ పడకు."

టెన్షన్ పడకు అంటే పడకుండా ఉండే మనిషి కాదు ఆవిడ. పైగా పుట్టిల్లు దివిసీమలో, అవనిగడ్డ పక్కన. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. ఆ ఇంట్లో తుఫాను అన్న మాట ఇప్పటికీ గొంతు తగ్గించి అంటారు. వెంటనే వీడియో కాల్ చేయించింది.

"గాలి ఏ పక్క నుంచి కొడతందిరా?"

"గాలి పెద్దగా లేదు అమ్మమ్మా. వాన."

"సముద్రం ఎంత దూరం?"

"పది పదిహేను కిలోమీటర్లుంటుంది. అదేం ఇటు రాదులే."

"గాలి లేదు, ఉప్పెన లేదు, మరి తుఫానేందిరా? వాన అని చావొచ్చుగా!"

పక్కన కూచుని నేను పగలబడి నవ్వాను. వాడూ నవ్వాడు. నిజానికి వాడి తప్పేం లేదు. అక్కడ టీవీ వాళ్ళు 'స్టార్మ్' అన్నారు, వీడు దాన్ని తెలుగు చేశాడు. మన పత్రికల్లోనూ అమెరికా వార్తల్లో స్టార్మ్ కనపడితే చాలు, తుఫాను అని రాసేస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. వాళ్ళ స్టార్మ్‌లో ఈదురుగాలి పట్టొచ్చు, మంచు పట్టొచ్చు, ఉత్త వాన కూడా పట్టొచ్చు. మన తుఫాను అట్లా కాదు, బంగాళాఖాతంలో పుట్టి, ఒక పేరు పెట్టుకుని, ఫలానా చోట తీరం దాటే శాల్తీ.

వాతావరణ శాఖ లెక్క కూడా అమ్మ లెక్కే. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, ఆ తర్వాతే తుఫాను. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకి చేరితేనే ఆ పేరు. ఎంత వాన కురిసిందన్నది ఆ మెట్లలో ఎక్కడా రాదు.

ఇంతవరకైతే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు, నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. అదే ఏడాది ఆగస్టు 31, శనివారం. బెజవాడలో ముందు రోజు నుంచే వాన. పొద్దున మొగల్రాజపురంలో కొండరాళ్ళు ఇళ్ళ మీద పడి మనుషులు పోయారని తెలిసింది. అయినా రాత్రి మా చెల్లెలికి ఫోన్ చేసి నేనన్న మాట ఇది: "తుఫాను కాదుగా, వాయుగుండమేగా. అదీ కళింగపట్నం దగ్గర దాటుతుందంట. ఎక్కడి శ్రీకాకుళం, ఎక్కడి బెజవాడ! ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని పడుకోండి." వాళ్ళ ఇల్లు సింగ్ నగర్‌లో. ఆదివారం ఊరి పక్కన పారే బుడమేరు వాగు ఇంట్లోకొచ్చింది. స్కూటర్ మునిగింది, కింది వాటా మునిగింది, మూడు రోజులు మేడ మీద ఉన్నారు. డ్రోన్లు తెచ్చి పడేసిన పులిహోర పొట్లాలు తిన్నారు. ఊళ్ళో ఒక్క రోజులో కురిసింది 25 సెంటీమీటర్లకు పైనే. గాలి మాత్రం లేదు. గాలి ఉందా, ఉప్పెన ఉందా అని అమ్మ అడిగినా ఆ రాత్రి రెండింటికీ "లేదు" అనే జవాబు వచ్చేది.

ఇర్వైన్ వాడు గట్టి వానని తుఫాను అన్నాడని నవ్వినవాణ్ణి, ఊరిని ముంచిన వానని "తుఫాను కాదుగా" అని పక్కన పెట్టాను. వాడి మాట మహా అయితే మా అమ్మ బీపీ పెంచింది. నా మాట విని చెల్లెలు బియ్యం బస్తా కూడా పైకెక్కించుకోలేదు.

అసలు ప్రశ్నకి వస్తాను. గాలి ఊసు లేకుండా, నీళ్ళతోనే భయపెట్టే వానకి మనకి మాటుందా? కుండపోత ఉంది కానీ అది కురిసే తీరు చెబుతుందే గానీ తర్వాత జరిగేది చెప్పదు. భారీ, అతి భారీ, అత్యంత భారీ అని వార్తల్లో చదువుతారు. రోజుకి సుమారు 20 సెంటీమీటర్లు దాటితే 'అత్యంత'. అతికీ అత్యంతకీ తేడా చెవికి ఆనుతుందా, చెప్పండి.

పోస్టు కింద వచ్చిన జవాబులు:

గుంటూరు, చుట్టుగుంట నుంచి:

గాలివాన అనొచ్చుగా అని మొదట అనుకున్నాను. కానీ మా వైపు గాలివాన అంటే ఎండాకాలపు సరుకు. సాయంత్రం మబ్బు కమ్ముకొచ్చి, దుమ్ము లేచి, మామిడికాయలు రాలి, రేకులు లేచి, అరగంటలో తెరిపిస్తుంది. కాలిఫోర్నియాలో చలికాలంలో రెండు మూడు రోజులు పడే వాన గాలివాన కాదు. దాన్ని నేనైతే 'ముసురు' అంటాను, గట్టిగా పడితే 'జడివాన'.

ఇంకో మాట. వాళ్ళు వానకి హడావిడి పడతారని నవ్వుకునేవాళ్ళు ఒక్కసారి ఫిబ్రవరి, మార్చిల్లో మా మిర్చి యార్డుకి రండి. మబ్బు కాస్త నల్లబడితే చాలు, "పట్టాలు! పట్టాలు!" అని కేకలు. చినుకు పడిందో, కమీషన్ వ్యాపారి, హమాలీ, రైతు అని తేడా లేకుండా బస్తాల మీదకి పరుగే. పల్లెల్లో కల్లాల్లో కాయ ఆరబోసుకున్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, కంచంలో అన్నం వదిలేసి పోతారు. తడిస్తే కాయ రంగు తిరుగుతుంది, తాలుకాయ అని ధర కోస్తారు. అదే రైతు ఆగస్టులో మోకాలి లోతు నీళ్ళలో తాపీగా బీడీ వెలిగించుకుంటాడు. మనిషి ఒకడే, వాన ఒకటే. ఆరుబయట ఏం పరిచి ఉంది అన్నదాన్ని బట్టి గుండె కొట్టుకుంటుంది.

లాస్ ఏంజెలెస్ నుంచి, ఊరు తెనాలి:

పదేళ్ళుగా ఇక్కడున్నాను. మొదటి ఏడాది నేనూ నవ్వాను. మన చినుకులకి ఇక్కడ ట్రాఫిక్ ఆగిపోతుంది, టీవీలో ఒకాయన రెయిన్‌కోటు వేసుకుని తడిసిన రోడ్డుని చూపిస్తూ గంటసేపు మాట్లాడతాడు. తర్వాత ఒక నవంబరులో, సీజన్ మొదటి వానకి, నా కారే ఫ్రీవే మీద జర్రున జారి అడ్డం తిరిగింది. మే నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ చుక్క పడదనే అనుకోవాలి. అన్ని నెలలు రోడ్డు మీద కారిన ఆయిలూ పేరుకున్న మురికీ మొదటి చినుకుతో కలిసి పాకుడు పట్టిన మెట్టులా అవుతాయి. ఊరి నడిబొడ్డున ఏడాది సగటే సుమారు 36 సెంటీమీటర్లు. మీ మేనల్లుడు మెసేజ్ పెట్టిన ఆ ఫిబ్రవరిలో రెండు రోజుల్లోనే అందులో దాదాపు సగం పడింది. మన లెక్కలో చూస్తే బెజవాడలో రెండు రోజుల్లో ఆరు నెలల వాన పడినట్టు. ఆ వానకి ఊళ్ళో వందల చోట్ల కొండవాలు జారింది. వాడు చెప్పిన ఇసుక బస్తాలు తమాషాకి పంచినవి కాదండీ.

అసలు భయం కొండలకి. వేసవిలో, ఆ తర్వాతా కార్చిచ్చు తగిలి చెట్లు కాలిపోతాయి. కాలిన నేల నీళ్ళు పీల్చదు. 2017 డిసెంబరులో అట్లా కాలిన కొండల మీద, 2018 జనవరి 9 తెల్లవారుజామున కొద్ది నిమిషాలు కుండపోతగా వాన పడింది. మాంటెసీటో అనే ఊళ్ళో బురద, బండరాళ్ళు ఇళ్ళ మీదకొచ్చి 23 మంది పోయారు. దాన్ని ముసురు అనమంటే నాకు నోరు రాదు.

మీ ప్రశ్నకి పనికొచ్చే ముక్క ఒకటి చెబుతాను. సముద్రం మీద నుంచి పొడుగ్గా, ఏరులాగా వచ్చే తేమపట్టీని ఇక్కడ 'అట్మాస్ఫెరిక్ రివర్' అంటారు. 2019లో దానికి ఒకటి నుంచి ఐదు దాకా మెట్లు కట్టారు. గాలి వేగాన్ని బట్టి కాదు, అది ఎంత ఆవిరి మోసుకొస్తోంది, ఎన్ని గంటలు నిలుస్తోంది అన్నదాన్ని బట్టి. ఒకటి అంటే ఎక్కువగా మేలే, చెరువులు నిండుతాయి. ఐదు అంటే ఎక్కువగా కీడే. మెట్లు కట్టినవాళ్ళు మేలుని కూడా లెక్కలో వేశారు, అది నాకు నచ్చింది.

విజయవాడ, గవర్నర్‌పేట నుంచి:

దాన్ని తెలుగులో ఏమంటారు సార్? 'వాతావరణ నది' అంటే పాఠ్యపుస్తకం వాసన కొడుతోంది. ఆకాశగంగ అందామంటే దాన్ని ఎప్పుడో నక్షత్రాలకి ఇచ్చేశాం.

అదే సభ్యుడు:

మబ్బేరు? బుడమేరు గుర్తొచ్చి అన్నాను.

మంగళగిరి నుంచి:

మబ్బేరు బాగుంది, ఉంచండి.

తుఫాను మాట దగ్గరికి వస్తే, అది అరబీలో తూఫాన్. పారసీ, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చింది. కొన్ని పత్రికలు తుపాను అని రాస్తాయి, పలుకుబడిలో రెండూ ఉన్నాయి, దాని మీద దెబ్బలాట వద్దు. చిత్రం ఏమిటంటే, ఖురాన్‌లో నూహ్ ప్రవక్త కాలంలో లోకాన్ని ముంచెత్తిన నీళ్ళకి వాడిన మాట అదే. అంటే ఆ మాటకి అక్కడున్న అర్థం జలప్రళయం, నీళ్ళు. మన తీరానికి చేరాక, ఇక్కడి సముద్రం అనుభవంతో, అందులో గాలి ముందుకొచ్చింది. ఆ లెక్కన సింగ్ నగర్‌కి వచ్చింది పాత అర్థంలో అచ్చమైన తుఫానే. మీ అమ్మగారూ కరెక్టే, మీ మేనల్లుడూ సగం కరెక్టే. మీరొక్కరే తప్పండీ, ఏమనుకోకండి.

పోస్టు పెట్టినవాణ్ణి:

ఏమీ అనుకోను, నిజమేగా. అరబీ సంగతి అమ్మకి చెప్పాను. "అరబ్బు వాళ్ళకి మన ఉప్పెన తెలుసా ఏంటి" అంది. ఆ మాట అనవలసింది దివిసీమ మనిషే. సముద్రం గట్టు దాటి మీద పడటానికి ఉప్పెన అని విడిగా పేరు పెట్టుకున్నాం. ఏరు గట్టు తెగి వీధిలోకి రావడానికి మాత్రం విడిగా మాట లేదు, వరద అని సరిపెట్టుకుంటున్నాం. వరద ఏటా కృష్ణకి వస్తుంది, బ్యారేజీ గేట్లు ఎత్తితే పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తాం. ఆ సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడూ జనం చూడ్డానికే వెళ్ళారు. బుడమేటికి అట్లా ఎవరు వెళ్ళారు? మామూలు రోజుల్లో అదొక మురుగు కాలవ అనుకునే వాళ్ళమే ఎక్కువ, 'బెజవాడ దుఃఖదాయిని' అని పాతవాళ్ళు పేరు పెట్టిపోయినా.

ఇప్పుడు మేనల్లుడు "అమ్మమ్మా, వాన" అంటాడు. ఆవిడ గాలి సంగతి అడగడం మానలేదు. కాకపోతే దాని వెనకే ఇంకో ప్రశ్న చేరింది: "మీ ఇల్లు ఎత్తులోనా, పల్లంలోనా?"

గుంటూరు, చుట్టుగుంట నుంచి:

పల్లం! మాట దొరికింది, అది వానది కాదు, ఇంటిది. దీని మీద రాయాల్సింది చాలా ఉంది. కానీ పడమట మబ్బు పట్టింది, యార్డులో మాది నలభై బస్తాలు బయటే ఉంది. పట్టా కప్పి వస్తాను.