ఉప్పునీటి ట్యాంకులో చేపలు ఎప్పుడు వేయాలి, ఎండాకాలం ఎలా గట్టెక్కాలి?

మాది రాజోలు దగ్గర, రొయ్యల చెరువులున్నవాళ్లం కాబట్టి సెలినిటీ (నీళ్లలో ఉప్పు మోతాదు), అమ్మోనియా మాకు కొత్త కాదు గానీ, ఇంట్లో 60 లీటర్ల ట్యాంకులో సముద్రపు చేపల్ని బతికించడం వేరే పని అని ఇప్పుడు తెలుస్తోంది. ఆర్వో నీళ్లలో సాల్ట్ కలిపి 35 పీపీటీకి (లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు) తెచ్చా. నీళ్లను శుభ్రం చేసే బ్యాక్టీరియా పెరగడానికి రాళ్లు పెట్టి 3 వారాలైంది. చేపలకు విషమయ్యేవాటిలో అమ్మోనియా సున్నా, నైట్రైట్ ఇంకా ఉంది. అదీ తగ్గాక రెండు క్లౌన్ చేపలు వేద్దామని ఆగాను, మా అబ్బాయి రోజూ అడుగుతున్నా సరే, తొందరపడి వాటిని చంపుకోలేను.

అసలు టెన్షన్ ఎండాకాలమే. కరెంటు పోతే నీళ్లు బాగా వేడెక్కుతాయి, చిల్లర్ (నీళ్లను చల్లబరిచే మెషిన్) కొనలేను. ఫ్యాన్ పెడితే నీరు ఆవిరై ఉప్పు పెరుగుతుంది కదా, రోజూ ఎన్ని ఆర్వో నీళ్లు పోస్తున్నారు? అంతర్వేది నుంచి సముద్రపు నీళ్లు తెచ్చుకోమంటున్నారు కానీ అక్కడ గోదావరి కలుస్తుంది, వరదలప్పుడు ఉప్పు పడిపోతుంది, నాకు ధైర్యం చాలట్లేదు. కోనసీమ వేడిలో ఇలాంటి ట్యాంకు నడిపినవాళ్లుంటే దయచేసి చెప్పండి.