క్రిస్మస్‌కి దుప్పట్లు పంచడం ఆపేద్దామంటే తప్పా?

కాజీపేట యూత్:
అందరికీ వందనాలు. మాది చిన్న చర్చి సంఘం. ఏటా డిసెంబరులో యూత్ తరఫున చందాలు వేసుకుని రైల్వే లైన్ అవతల గుడిసెల్లో దుప్పట్లు, బియ్యం, నూనె ప్యాకెట్లు పంచుతాం. పోయినసారి ఫోటో సరిగ్గా రాలేదని ఒక ముసలమ్మ చేతిలోంచి దుప్పటి వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. ఆమె ఏమీ అనలేదు, కొంగు సర్దుకుని మళ్లీ నిలబడింది. అది చూసినప్పటి నుంచి నా మనసు ఒప్పుకోవట్లేదు. ఆ పక్కింటామె అయితే "మూడు చర్చిలోళ్లు ఇచ్చిన్రు బిడ్డా, దుప్పట్లు చాలు, నా పింఛన్ సంగతి ఎవరన్న చూస్తరా" అని అడిగింది. ఈసారి ఆ డబ్బు ఇంకోదానికి వాడదామంటే పెద్దవాళ్లు "పెట్టే చెయ్యి ఆపొద్దు" అంటున్నారు. వాళ్ల మనసు మంచిదే. మీరైతే ఏం చేస్తారు?

హనుమకొండ అక్క:
తమ్ముడూ, ఆమె అడిగిందే చెయ్యండి. భర్త పోయినామెకు పింఛన్ నెలకు 2,016 రూపాయలు. మంజూరు ఎప్పుడవుతుందో మన చేతిలో లేదు గానీ చాలామంది అసలు దరఖాస్తు దాకానే వెళ్లరు, భర్త మరణ ధ్రువపత్రం ఉండదు, ఆధార్‌లో వయసు తప్పు పడి ఉంటుంది, ఫోన్ నంబర్ లింక్ అయి ఉండదు. అడ్డా మీద నిలబడే మనిషి మీసేవకి పోతే ఆ రోజు కూలి పోయినట్టే, "రేపు రా" అంటే ఇక రెండోసారి పోదు. మీలో చదువుకున్నవాళ్లు వెంట పోయి ఆ కాగితాలు పూర్తయ్యేదాకా తిరగండి, ఆ రోజు కూలి డబ్బులు సంఘం ఇవ్వొచ్చు.

పంచడమే తప్పని నేను అనను. 2023 జూలైలో భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరు వరదలో మునిగినప్పుడు వాళ్లకి కావాల్సింది వండిన అన్నం, పొడి బట్టలు. వరదలో చేసే పని వరద లేనప్పుడూ ఏటేటా చేసుకుంటూ పోవడమే నాకు నచ్చదు.

పరకాల:
నేను తీసుకున్నవాణ్ణి, ఆ వైపు నుంచి చెప్తా. నాన్న పోయాక అమ్మ పత్తి ఏరడానికి పోయేది. తెలిసిన పాస్టర్ గారు నన్ను ఒక హాస్టల్లో చేర్పించారు, అమ్మ బతికే ఉన్నా ఫారంలో అనాథ అని రాశారు. విదేశంలో నా ఖర్చు భరించేవాళ్లకి డిసెంబరులో ఉత్తరం రాయాలి. బోర్డు మీద ఇంగ్లిష్‌లో రాసిపెడితే అందరం చూసి దించేవాళ్లం, పేరూ ఊరూ మాత్రం ఎవరివి వాళ్లవి. అమ్మ గురించి అందులో ఒక్క ముక్క ఉండేది కాదు. చదువొచ్చింది, డిగ్రీ అయింది, కాదనను. జ్వరమొస్తే వార్డెన్ సార్ రాత్రంతా పక్కన కూర్చునేవారు, ఆయన్ని ఇప్పటికీ కలుస్తా. కానీ సెలవులకి ఇంటికి పోతే మా చెల్లె నన్ను చుట్టాన్ని చూసినట్టు చూసేది. నా మీద పెట్టిన ఖర్చులో కొంత అమ్మ చేతికిస్తే ఇంట్లోనే ఉండి సర్కారు బడిలో చదివేవాణ్ణి. 2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా పిల్లల్ని సంస్థల్లో పెట్టడం చివరి మార్గమనే అంటుంది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద, అర్హత ఉంటే, పిల్లలు ఇంట్లోనే ఉండేలా నెలకు 4,000 ఇస్తారు. మీ సంఘంలో విధవరాళ్ల పిల్లలుంటే ముందు దానికి దరఖాస్తు పెట్టించండి.

కరీమాబాద్:
నేను క్రైస్తవుణ్ణి కాను, తప్పుగా అనుకోవద్దు. మా బస్తీలో ప్రార్థన అయ్యాకే సరుకుల కిట్ కూపన్ ఇచ్చేవారు. పిల్లలు ఆకలితో ఉన్న తల్లి కూర్చోక ఏం చేస్తుంది? అది ఆమె మొక్కుకోవడం ఎట్లా అవుతుంది?

మెదక్ మాస్టారు:
కూపన్ల సంగతి చదివి బాధేసింది. 1876–78 కరువులో ఒంగోలు దగ్గర అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తానే తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. అంతకన్నా పెద్ద సంగతి, తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. సాయం ముగిశాకే, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. మా మెదక్ చర్చి కూడా కరువులో మిషనరీ పాస్నెట్ దొర పని పెట్టి, తిండి పెట్టి కట్టించిందే, 1924లో పూర్తయింది. మా పెద్దలు "దొర పెట్టిండు" అనేవాళ్లు కాదు, "మేం కట్టినం" అనేవాళ్లు.

పరకాల:
మాస్టారూ, క్లౌ దొర చేసింది గొప్ప పని. మెదక్ విషయంలో మాత్రం నాకొకటి అనిపిస్తుంది, అదే కూలి చెరువు పూడిక తీయడానికి ఇస్తే నీళ్లు వాళ్ల పొలాలకే పోయేవి కదా.

కాజీపేట యూత్:
అందరికీ థ్యాంక్స్. పెద్దవాళ్లకి ఎలా చెప్పాలన్నదే ఇప్పుడు టెన్షన్.

హనుమకొండ అక్క:
వాక్యంలోంచే చెప్పు తమ్ముడూ. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియొద్దని మత్తయి 6లో ఉంది, ఫోటోలు అక్కడితో సరి. లేవీయకాండం 19లో పొలం అంచులు కోయొద్దు, కోతలో రాలిన పరిగె పేదలకు వదలమని ఉంది. లైన్లో నిలబెట్టి చేతిలో పెట్టమనలేదు, వాళ్లే వచ్చి ఏరుకుంటారు, బైబిల్లో విధవరాలు రూతు అట్లాగే ఏరుకుంది.

ఇంకోటి, పంపిణీ ఒక్కసారిగా ఆపకండి. కదల్లేని ఒంటరి ముసలివాళ్లు ఆ బియ్యం మీదే ఉన్నారేమో, వాళ్లకి డిసెంబరు కాదు, నెలనెలా కావాలి. ముందు ఇల్లిల్లూ తిరిగి ఎవరికేం కావాలో అడగండి. సాయంత్రాలు పోండి, పగలు అందరూ కూలికి పోతారు, ఇళ్లల్లో ఎవరూ దొరకరు.