శిఖరం ముందు రాత్రి టెంటు ఎక్కడ వేయాలి?

నీలికొండ: శిఖరం 4,300 మీటర్లు. 2,700 దగ్గర రెండు రాత్రులు ఉండి బయలుదేరతాం. ముగ్గురం, రెండు టెంట్లు, వాలుల మీద ఇంకా మంచు ఉండే కాలం. మ్యాపులో మూడు చోట్లు కనిపిస్తున్నాయి: 3,300 దగ్గర చెరువు పక్కన పల్లం, 3,750 దగ్గర కనుమ, 4,050 దగ్గర శిఖరం కింద చిన్న చదును. పైన పడుకుంటే తెల్లవారుజామున నడక తగ్గుతుందని మాలో ఒకరి వాదన. ఏది మేలంటారు?

గాలివాటం: 4,050ని ముందే కొట్టేయండి. పలచటి గాలికి ఒళ్లు అలవాటు పడాలి కాబట్టి, 3,000 దాటాక పడుకునే ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదు. పగలు అంతకంటే పైకి వెళ్లి రావచ్చు, లెక్కలోకి వచ్చేది నిద్రపోయే ఎత్తే. కిలిమంజారోలో మచామే దారి లావా టవర్ దగ్గర దాదాపు 4,600 దాకా ఎక్కించి, రాత్రికి 4,000 లోపు ఉన్న బరాంకో శిబిరానికి దించేది ఇందుకే. అర్ధరాత్రి ఒకరు తూలుతూ నడిచినా, కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు, అప్పుడే కిందికి దించాలి. చీకట్లో, హెడ్‌ల్యాంపు వెలుగులో, ఒకరిని పట్టుకుని దిగగలిగే దారి లేని చోట టెంటు వేయొద్దు. నా మట్టుకు మొదటి పరీక్ష ఇదే.

కనుమ కూడా వద్దు. రెండు కొండల మధ్య సందులో గాలి ఇరుకై వేగం పుంజుకుంటుంది. సాయంత్రం ఆకు కదలకపోయినా రాత్రి రెండింటికి టెంటు కడ్డీలు వంగిపోవచ్చు. పిడుగుల భయం సరేసరి.

మేకులసంచి: చెరువు పల్లానికి వేరే ఇబ్బంది ఉంది. ఎత్తు పెరిగితే ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క నిర్మలమైన రాత్రి తిరగబడుతుంది. చల్లగాలి బరువుగా ఉండి, వాలు మీదుగా జారి, పల్లంలో నిలుస్తుంది. దానికి చెరువు తేమ తోడైతే టెంటు లోపలి గుడ్డంతా మంచుపొర కడుతుంది, తెల్లారాక అది కరిగి స్లీపింగ్ బ్యాగు మీద కారుతుంది. పక్క వాలు మీద 30, 40 మీటర్లు పైకి జరిగితే చాలు, తేడా చేతికే తెలుస్తుంది. నీటికి కనీసం 60 మీటర్ల దూరం ఎలాగూ పాటించాలి.

నీలికొండ: 3,450 దగ్గర, కనుమకు ఇవతలి వైపు ఒక మెట్టులాంటిది ఉంది. పక్కనే చిన్న వాగు. 1:25,000 మ్యాపులో అక్కడ రెండు ఎత్తు గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) మధ్య 8 మిల్లీమీటర్లు. దానికి పైన మాత్రం గీతలు ఒత్తుగా, మిల్లీమీటరుకొకటి ఉన్నాయి.

రాతిగుర్తు: గీతకు గీతకు 20 మీటర్ల ఎత్తయితే, 8 మిల్లీమీటర్లంటే 200 మీటర్ల దూరంలో 20 ఎక్కడం. దాదాపు 6 డిగ్రీల వాలు, టెంటుకు బాగుంటుంది. పైన ఒత్తుగా ఉన్న చోట 25 మీటర్లకు 20 లేస్తోంది, అంటే దాదాపు 39 డిగ్రీలు. మంచు చరియలు ఎక్కువగా తెగేది 30 నుంచి 45 మధ్యే. పైగా గాలికి చాటైన వైపే గాలి మోసుకొచ్చిన మంచు పేరుకుంటుంది. అందుకని ఆ వాలుకు సూటిగా కింద వద్దు. మెట్టు మీదే పక్కకు జరిగి, కొద్దిగా ఉబ్బెత్తుగా ఉన్న గట్టు వెతకండి.

అక్కడికి చేరాక రాళ్లను చూడండి. రాయి పైముఖం నిండా లైకెన్ (రాళ్ల మీద నెమ్మదిగా పెరిగే, నాచులాంటి పొర) మచ్చలుంటే అది ఏళ్లుగా కదల్లేదు. అంచులు పదునుగా, ముఖం శుభ్రంగా, పక్కన మట్టిలో తాజా గుంట ఉంటే ఈమధ్యే పైనుంచి పడింది. రెండో రకం నాలుగైదు కనిపిస్తే చోటు మార్చాల్సిందే. రాత్రి గడ్డకట్టి పట్టి ఉంచిన రాళ్లు, పొద్దున ఎండ తగలగానే వదిలేస్తాయి.

మేకులసంచి: వాగు సాయంత్రం పారుతుంది, రాత్రికి గడ్డకట్టొచ్చు. చేరగానే తలకు 4 లీటర్లు పట్టిపెట్టుకోండి. సీసాలు తలకిందులుగా పెడితే మంచు అడుగున కట్టి మూత తెరుచుకుంటుంది. నీళ్లను సన్నటి గొట్టాల గుండా వడకట్టే ఫిల్టరు స్లీపింగ్ బ్యాగులో ఉండాలి, ఒక్కసారి గడ్డకడితే లోపల చిట్లిపోతుంది, పైకి మాత్రం తెలియదు.

మంచు మీద మామూలు మేకులు నిలవవు. గుడ్డసంచిలో మంచు కూరి, తాడు కట్టి, 30 సెంటీమీటర్ల లోతున అడ్డంగా పాతి తొక్కండి. 20 నిమిషాలు ఆగి బిగించాలి. వెంటనే లాగితే ఊడొస్తుంది, అది గట్టిపడటానికి ఆ సమయం కావాలి. టెంటు సన్నటి కొస గాలికి ఎదురుగా ఉండాలి. లోపల స్టవ్ వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

గాలివాటం: 3,450 నుంచి శిఖరానికి 850 మీటర్లు. గంటకు 200 చొప్పున, ఆగినవి కలుపుకుని ఐదు గంటలు. మూడింటికి కదిలితే ఎనిమిదికి పైన ఉంటారు, మధ్యాహ్నం మబ్బులకు ముందే దిగిపోతారు. టెంట్లు వదిలి వెళ్లేటప్పుడు ఆ చోటును జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోండి. మబ్బు కమ్మితే మెట్టు మీద 50 మీటర్ల దూరంలో ఉన్న టెంటు కూడా కనిపించదు.